బర్రె శ్రీమంతానికి బొట్టు

యముణ్ణి చేవెళ్ల రోడ్డు మీద ఆపి, నుదుట బొట్టు పెట్టి, "నాయనా, ఈ వాడలో నీకేం పని లేదు" అని వచ్చిన దారినే వెనక్కి పంపిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. ఆమె పేరు శకుంతలమ్మ. చేవెళ్ల రోడ్డు మీద మొయినాబాద్‌కు ముందే వచ్చే హిమాయత్‌నగర్ ఊరి దగ్గర ఆటో దిగి ఎవరిని అడిగినా ఆమె ఇల్లు చూపిస్తారు. ఏ వేళకు పోతే చాయ్ దొరుకుతుందో కూడా చెబుతారు. యముడు చాయ్ తాగే వెళ్లాడనీ, పోతూ పోతూ చక్కెర ఎక్కువైందని గొణిగాడనీ ఒక మాట ఉంది. అందులో చక్కెర సంగతి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఆమె చాయ్ తాగినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు.

శకుంతలమ్మకు పొలం ఉంది, పాడి ఉంది, సర్పంచ్ కావాలని కలలు కనే బాల్‌రాజ్ అనే మరిది ఉన్నాడు. వీటిలో ఏదీ ఆమెకు పేరు తేలేదు. పేరు తెచ్చింది బొడ్లో దోపుకునే కుంకుమభరిణె. ఈ వైపు పెళ్లయినా, గృహప్రవేశమైనా, ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి పిలవాలి. వాట్సాప్‌లో వచ్చిన కార్డు కబురు మాత్రమే. బొట్టు పెడితేనే పిలుపు. ఇంటికి తాళం వేసి ఉంటే తలుపుకు బొట్టు పెట్టి వస్తారు. బొట్టు అందుకున్నాక రాకపోతే పిలిచినవాళ్ల పరువు పోతుంది. వాడలో ఒక్క ఇంటిని దాటేసి పోతే ఆ ఇంటివాళ్లు మనవళ్ల కాలం దాకా గుర్తుపెట్టుకుంటారు. అందుకే ఎవరింట్లో శుభకార్యమైనా ముందు శకుంతలమ్మను వెంటబెట్టుకుంటారు. ఆమె ఇల్లు మరిచిపోదు.

ఆమె పిలిస్తే రాని ప్రాణి లేదు. ఒక యేడు వానలు మొహం చాటేస్తే ఆమె గండిపేట పోయి చెరువు కట్ట మీద ఒక రాయికి బొట్టు పెట్టి వచ్చింది. ఆ వారమే గేట్లెత్తి నీళ్లు వదలాల్సి వచ్చింది. ఎగువన వాన పడిందని అధికారులు చెప్పుకున్నారు. చెప్పుకోనివ్వండి, వాళ్లకూ ఉద్యోగాలున్నాయి.

అట్లాంటి శకుంతలమ్మను మొయినాబాద్ దవాఖానవాళ్లు పిలవడం మరిచిపోయారు. అక్కడ నీలవేణి అనే సిస్టరమ్మ ఒక శిక్షణ పెట్టింది. బతుకు మీద ఆశ పోయిన మనిషి ముందుగా డాక్టరు దగ్గరికి రాడు. షేర్ ఆటోలో కూర్చుంటాడు, క్షౌరశాల కుర్చీలో కూర్చుంటాడు, ఎరువుల దుకాణం ముందు ఊరికే నిలబడతాడు. ఆ చోట్ల ఉండేవాళ్లకే ఏం చూడాలో, ఏం అడగాలో నేర్పితే కొన్ని ప్రాణాలైనా నిలుస్తాయని నీలవేణి నమ్మకం. అందుకని ఆటోవాళ్లను, మంగలిని, దుకాణదారుణ్ణి పిలిచింది. ఊరందరినీ పిలిచే ఆడమనిషి మాత్రం ఆమెకు తట్టలేదు. శకుంతలమ్మ పిలవకుండానే పోయి ముందు వరసలో కూర్చుంది. మధ్యాహ్నం బిర్యానీ పెడతారని విని పోయిందని ఎదురింటి అంతమ్మ ఇప్పటికీ అంటుంది. బిర్యానీ రాలేదు, పులిహోర వచ్చింది. అయినా శకుంతలమ్మ లేవలేదు.

"సూటిగా అడగాలి," అంది నీలవేణి. "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికొస్తది. అడిగినంక మనం నోరు మూసుకొని వినాలి."

"ఎంతసేపు మూసుకోవాలె సిస్టర్?" అని శకుంతలమ్మ.

"వాళ్లు చెప్పుడు అయ్యేదాంక."

"గదే కష్టం."

నీలవేణి ఇంకా చెప్పింది. ఉన్నట్టుండి ఇష్టమైన సామాన్లు పంచిపెట్టేవాళ్లను చూడండి. జనంలోకి రావడం మానేసినవాళ్లను చూడండి. అటువంటి మనిషిని ఒంటరిగా వదలొద్దు, ప్రమాదమైన మందులూ సామాన్లూ ఇంట్లోంచి తీసి వేరేచోట దాచండి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయొద్దు, దవాఖానకు తీసుకురండి. దారి తోచకపోతే 14416కు ఫోన్ చేయండి, ఏ వేళైనా ఎత్తుతారు, ఖర్చుండదు.

ఇక చూడండి. మర్నాటి నుంచి శకుంతలమ్మ నోటికి కళ్లెం లేకుండా పోయింది. చేవెళ్ల బస్సులో తల పట్టుకుని కూర్చున్న కండక్టరును, "సచ్చిపోవాలనిపిస్తున్నదా బిడ్డా?" అని అడిగింది. "ఈ రూట్ల డ్యూటీ ఏసినకాంచి అనిపిస్తనే ఉన్నదవ్వా," అన్నాడు ఆ పిల్లవాడు నవ్వుతూ. ఒంటరిగా వదలొద్దన్నారు కదా. ఆమె తన స్టాపులో దిగలేదు. డిపో దాకా అతని పక్కనే కూర్చుని, డిపో మేనేజరుకు అప్పజెప్పింది, రసీదు ఒక్కటే అడగలేదు.

సర్పంచ్ ఎన్నికలో ఓడిపోయి వసారాలో పడుకున్న బాల్‌రాజ్‌నూ వదల్లేదు.

"వదినె, నేను ఓడిపోయిన. సచ్చిపోలె."

"అడుగుడు నా పని. జెప్పుడు నీ పని."

"అడుగుతె అడిగినవ్ గని, మైకుల అడిగినట్టు అడుగుతవేందే? ఓట్లేసినోళ్లు గూడ పారిపోతున్నరు."

పంటినొప్పితో చెంప పట్టుకున్న అంతమ్మను అడిగింది. పెళ్లిచూపుల్లో తల వంచుకున్న పెళ్లికొడుకును అడిగింది. ఆ సంబంధం కుదిరింది, అది వేరే విషయం. కొన్నాళ్లకు శకుంతలమ్మ వస్తోందంటే ఊళ్లో జనం లేని నవ్వు మొహానికి తగిలించుకోవడం మొదలుపెట్టారు. హిమాయత్‌నగర్ అంత నవ్వుమొహాలున్న ఊరు జిల్లాలోనే లేదని పేరొచ్చింది.

అట్లా ఉండగా ఒక పొద్దున అంతమ్మ ఒక పొడుగాటి ఇనుప గంటె తెచ్చి శకుంతలమ్మ వసారాలో ఆనించింది. పెళ్లివంటల్లో పెద్ద డేగిసలో అన్నం కలిపే గంటె అది, మనిషి ఎత్తుంటుంది.

"జగదీశ్ నీకియ్యమన్నడు. నాకు జల్లి గంటె ఇచ్చిండు. డేగిసలన్ని సంఘం బిల్డింగుల పెట్టిచ్చిండట," అంది అంతమ్మ సంబరంగా. "ఎంత మంచోడో సూడు."

"ఎందుకిచ్చిండు?"

"అక్కెర లేదన్నడు."

శకుంతలమ్మ చేతిలో చెంబు అట్లాగే ఆగిపోయింది.

జగదీశ్ పెళ్లివంటల మేస్త్రి. అతని బగారన్నం వాసనకు శంకర్‌పల్లి దాకా కుక్కలు లేచి నిలబడేవి. అతని పప్పుచారు రెండోసారి పోయించుకోవడానికి పెళ్లికొడుకులు తలంబ్రాలు తొందరపెట్టేవాళ్లు. శకుంతలమ్మకు చుట్టం కాదు. చిన్నప్పుడు ఆమె చంకనెక్కి తిరిగినవాడు, ఆ వావితోనే ఆమె అక్క, అతను తమ్మి. మొదటిసారి అతను సొంతంగా పెళ్లికి వండినప్పుడు అన్నం అడుగంటింది. ఆమె మాడిన వాసనే తగలనట్టు మొహం పెట్టి రెండోసారి పెట్టించుకుని తిన్నది. ఆ మొహం చూసే అతను వంట మానలేదు.

కొంతకాలంగా మొయినాబాద్ చుట్టూ ఫంక్షన్ హాళ్లు పెరిగాయి. వాటికి వాటి వంటవాళ్లున్నారు. అతనికి మోకాళ్లు నొస్తున్నాయి. రాత్రులు నిద్ర పట్టదు. సొంత మేనల్లుడి పెళ్లిలో వంట అప్పజెప్పకుండా అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి చేతికి ప్లేటిచ్చారు. ఇందులో ఏదో ఒక్కటి కారణమని ఎవరూ వేలు పెట్టి చూపలేరు. మనిషి మాత్రం మెల్లగా ఇంట్లోకి పోయి బయటికి రావడం మానేశాడు. భార్య రేణుక మొయినాబాద్–చేవెళ్ల మధ్య షేర్ ఆటో నడుపుతుంది. పొద్దున పోతే చీకటిపడే వేళకు వస్తుంది. ఆయనకు మోకాళ్ల నొప్పులనే అందరికీ చెప్పేది, తనూ అదే అనుకునేది.

శకుంతలమ్మ చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా జగదీశ్ ఇంటికి పోయింది. అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. టీవీ ఆపి ఉంది.

"రా అక్క. చాయ్ తాగుతవా?"

"పాలున్నయా?"

"లెవ్వు."

ఇప్పుడు అడగాలి. నోటి దాకా వచ్చిన మాటే. కండక్టరును అడిగింది, మరిదిని అడిగింది, ముక్కూమొహం తెలియని పెళ్లికొడుకును అడిగింది. జగదీశ్ మొహం చూడగానే ఆ మాట బయటికి రాలేదు. వాళ్లందరినీ లేదంటారని తెలిసే అడిగింది. వీడు అవునంటే? తన చంకనెక్కి తిరిగిన పిల్లవాడు తన కళ్లలోకి చూసి అవునంటే ఏం చేయాలి?

అలవాటున చెయ్యి బొడ్లోని భరిణె మీదికి పోయింది. తీసి అతని నుదుట బొట్టు పెట్టేసింది. పెట్టాక చూస్తే దేనికి పిలుస్తున్నదో ఆమెకే తెలియదు.

"రేపు మా ఇంట్ల శ్రీమంతం. రావాలె."

"ఎవలిది?"

శకుంతలమ్మ బిడ్డలకు ఎదిగిన పిల్లలున్నారు. కోడలు లేదు. ఊళ్లో కడుపుతో ఉన్న ఆడవాళ్లెవరెవరో అతనికీ తెలుసు. ఆమె కళ్లు నాలుగు దిక్కులా వెతికి తన కొట్టం దగ్గరే ఆగాయి.

"మా బర్రెది."

జగదీశ్ తల తిప్పి ఆమెను చూశాడు. "బర్రెకా?"

"ఏం, దానిది కడుపు గాదా?"

"సూస్త అక్క."

"సూస్త అంటె ఊకోను. బొట్టు పెట్టిన. నువ్వు రాకుంటె నా బర్రెకు నేను మొహమెట్ల సూపియ్యాలె?"

బయటికొచ్చి గోడ చాటున నిలబడి నీలవేణికి ఫోన్ చేసింది. గంటె సంగతి, గడ్డం సంగతి, పాలు లేని సంగతి అన్నీ చెప్పింది.

"సూటిగా అడిగినవా అమ్మా?"

"అడగలె. బర్రె శ్రీమంతం జెప్పిన."

"అమ్మా, శిక్షణల నేను బర్రె గురించి ఏం చెప్పలె."

"నోరు రాలె సిస్టర్. నాకే నోరు రాలె."

నీలవేణి నవ్వలేదు. ఈ పూట నుంచి అతన్ని ఒక్కణ్ణీ ఉంచొద్దంది. రేణుకను ఇంటికి పిలవమంది. రేపు నువ్వు అడగలేకపోతే నేనే వచ్చి అడుగుతానంది. శకుంతలమ్మ రేణుకకు ఫోన్ చేసి, "ఆటో పక్కకు పెట్టి ఇంటికి రా, మీ ఆయన మనసు మంచిగ లేదు, ఒక్కన్ని ఇడ్వకు," అని మాత్రం చెప్పింది. రేణుక వచ్చేదాకా బాల్‌రాజ్‌ను పంపింది. పొలం మందుల డబ్బాలేమైనా ఉంటే తెచ్చి మన కొట్టంలో తాళం వేయమంది. ఎందుకని అతను అడగలేదు. వదిన గొంతు తగ్గించి మాట్లాడటం పుట్టి బుద్ధెరిగి వినలేదు మరి.

ఆమె చేసిన పొరపాటు అప్పుడు తెలిసొచ్చింది. ఆ పొరపాటు ఈ వాడల్లో తప్ప లోకంలో ఎక్కడా జరగదు. అంతమ్మ గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"జగదీశ్ నొసట బొట్టున్నది."

"ఉన్నది."

"నా ఇల్లు దాటి పోయి ఆయనకు బొట్టు జెప్పినవ్. నేనేం పాపం జేసిన్నే? గంటె మోసుకొచ్చింది నేను గాదా?"

నిజం చెప్పడానికి లేదు. శకుంతలమ్మ భరిణె తీసి అంతమ్మకు బొట్టు పెట్టింది. పక్కింటావిడ చూసింది. ఆమెకూ పెట్టింది. ఆ వాడకు చెబితే పై వాడ అలుగుతుంది. పై వాడకు చెబితే రోడ్డవతలి ఇళ్లు నిష్ఠూరమాడతాయి. ఊరి చివర కొత్త విల్లాల్లో గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ సాఫ్ట్‌వేర్ కుటుంబాలున్నాయి. వాచ్‌మన్ ఆపితే వాచ్‌మన్‌కే ముందు బొట్టు పెట్టి లోపలికి పోయింది. పొద్దుగూకేసరికి కుంకుమ అయిపోయింది, ఊరు అయిపోయింది.

"వదినె, ఎంతమందిని పిల్సినవ్?" అన్నాడు బాల్‌రాజ్ తల పట్టుకుని.

"దాటేసిన ఇల్లు లేదు."

బాల్‌రాజ్ కాసేపు ఆలోచించాడు. ఊరంతా ఒకచోటికి వస్తోంది, మైకు ఎట్లాగూ ఉంటుంది. అతని మొహం విచ్చుకుంది. తెల్లారేసరికి ఇంటి ముందు పెద్ద ఫ్లెక్సీ లేచింది. మధ్యలో బర్రె. దాని కంటే రెండింతలు పెద్దగా చేతులు జోడించిన బాల్‌రాజ్. చుట్టూ కుర్రాళ్ల పాస్‌పోర్టు ఫోటోలు. బర్రె ఏ పార్టీలో చేరిందని రోడ్డున పోయేవాళ్లు ఆటోలు ఆపి మరీ అడిగారు.

ఆ శ్రీమంతం వైభవం చెప్పాలంటే ఒక నోరు చాలదు. బర్రె వీపు మీద పట్టుచీర, కొమ్ములకు ఆకుపచ్చ గాజులు, మెడలో బంతిపూల దండ. దండను అది మొదటి హారతికే తినేసింది. రెండో దండా తిన్నది. మూడో దండ కోసం జనం వైపు మెడ చాపింది. విల్లాల నుంచి రమణి అనే ఆవిడ పళ్లెంలో పసుపు, కుంకుమ, చలిమిడి పెట్టుకుని వచ్చింది.

"మా వైపు సీమంతం ఏడో నెలలో చేస్తామండీ. దీనికి ఎన్నో నెల?"

"ఏడే అనుకో బిడ్డా," అంది శకుంతలమ్మ. కడుపో కాదో పశువుల డాక్టరు ఇంకా చూడనే లేదు.

ఆమె కళ్లు మాత్రం వాకిలి మీదే ఉన్నాయి. పాటలు మొదలయ్యాయి, జగదీశ్ రాలేదు. బాల్‌రాజ్ మైకు పట్టుకున్నాడు, జగదీశ్ రాలేదు. బాల్‌రాజ్ మైకు వదలడం కూడా అయ్యాక, ఊరిచివరి నుంచి రేణుక ఆటో వచ్చి ఆగింది. జగదీశ్ దిగాడు. గడ్డం అట్లాగే ఉంది, చొక్కా మాత్రం ఉతికింది. అందరికీ దూరంగా, కొట్టం పక్కన చివరి కుర్చీలో కూర్చున్నాడు. బొట్టు పని చేసింది.

బగారన్నం వండింది అంతమ్మ. పొడుగు గంటెను చీపురులా పట్టుకుని డేగిస కలిపింది. జగదీశ్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ప్లేటు దించాడు.

"ఉప్పు లేదు. లవంగం మాడింది."

"నువ్వు జెయ్యకపోతివి, నన్ను పేర్లు పెట్టవడితివి!" అని అంతమ్మ అక్కడి నుంచే అరిచింది. జనం నవ్వారు. జగదీశ్ నవ్వలేదు. ప్లేటు కుర్చీ కింద పెట్టి లేచి, కొట్టం వెనక్కి నడిచాడు.

శకుంతలమ్మ వెనకే పోయింది. కొట్టం వెనక గడ్డివాము, ఒక నీళ్ల తొట్టి. అతను తొట్టి అంచు మీద కూర్చున్నాడు. ఆమె పక్కనే కూర్చుంది. ఇటుపక్క మైకులో పాట, అటుపక్క తమ్ముడు. ఇంకో శుభకార్యం కల్పించడానికి ఆమె దగ్గర ఇంకో బర్రె లేదు.

"తమ్మీ, సచ్చిపోవాలనిపిస్తున్నదా?"

జగదీశ్ తల ఎత్తలేదు. "అవునక్క. శాన దినాలసంది."

భూమి బద్దలవుతుందనుకుంది. కాలేదు. పాట మారింది అంతే. ఆమె నోరు మూసుకుంది. శకుంతలమ్మ పుట్టాక అంతసేపు మాట్లాడకుండా ఉన్నది నిద్రలో కూడా లేదని ఊరు ఊరంతా సాక్ష్యం చెబుతుంది. అతను ఆగి ఆగి చెప్పాడు. పొద్దున లేవబుద్ధి కాదన్నాడు. వాసనలు తెలియడం లేదన్నాడు, వంటవాడికి వాసన తెలియకపోతే ఇంకేముందన్నాడు. మేనల్లుడి పెళ్లిలో ప్లేటు పట్టుకుని కూర్చున్నప్పుడు తన మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదన్నాడు. తను లేకపోతే రేణుకకు ఒక బరువు తగ్గుతుందన్నాడు. ఆ మాటకు, ఛీ నోర్ముయ్ అనాలని ఆమె నాలుక చివర దాకా వచ్చింది. మింగింది. అతని చెయ్యి పట్టుకుని, అతను ఆగేదాకా కూర్చుంది.

"నాకు జెప్పినవ్, మంచిగ జేసినవ్," అంది చివరికి. "నేను నీ పక్కనే ఉంట. రేణుకకు జెప్పాలె."

"వద్దక్క. ఎవలకు జెప్పకు."

"మాటియ్య తమ్మీ. సిస్టరమ్మ ఇయ్యద్దన్నది. ఇచ్చినా నాకు దాసిపెట్టుడు రాదు. నీకెర్కనే గద?"

అది అతనికి బాగా తెలుసు. తల ఊపాడు.

శకుంతలమ్మ పిలుచుకొచ్చిన రేణుక అంతా విన్నది. మొహం మీది చెమట కొంగుతో తుడుచుకుంది, తుడుచుకున్నది ఒక్క చెమటే కాదు. "పొద్దంత ఆటోల ఊరోళ్ల కతలన్ని ఇంట. ఎవల కోడలు ఎవలతోని మాట్లాడతలేదో నాకెర్క. నా ఇంట్ల సంగతి నాకు జెప్పవా?" అంది మొగుడితో. "నువ్వు బరువని ఎవడు జెప్పిండు? రోజు పదిమందిని మోస్త నేను. ఎక్కు."

ఆటో మొయినాబాద్ దవాఖాన వైపు కదిలింది. జగదీశ్ మధ్యలో, ఒకవైపు శకుంతలమ్మ, ముందు సీటు అంచున వేలాడుతూ బాల్‌రాజ్. దారిలో చెయ్యెత్తిన ప్రతి మనిషినీ దాటుకుంటూ పోతుంటే, మలుపు దగ్గర ఆటో నెమ్మదించగానే కూరగాయల గంపతో ఒక ముసలావిడ ఎక్కేసింది. షేర్ ఆటో అలవాటు, ఎవరూ దిగమనలేకపోయారు.

"అందరి మొహాలు గట్లున్నయేంది? ఎవలకు బాగలేదు?"

బాల్‌రాజ్ దగ్గాడు.

"నాకే అవ్వ. దవాఖానకు పోతున్నం," అన్నాడు జగదీశ్.

ముసలావిడ అతన్ని పైకీ కిందికీ చూసింది. "మంచిగైతవ్ బిడ్డా. దవాఖానకే పోతున్నవ్ గద. జర జరుగు, గంప పెట్టాలె." దిగేటప్పుడు అతని ఒళ్లో ఒక కొత్తిమీర కట్ట పెట్టి పోయింది.

నీలవేణి దవాఖాన గుమ్మంలోనే నిలబడి ఉంది. డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. మనసు వైద్యం చేసే పెద్ద డాక్టరు దగ్గరికి చీటీ రాసిచ్చి, ఆ రోజే పంపాడు. అక్కడ మందులు రాశారు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, మధ్యలో మానొద్దనీ, మనసు మరీ బరువైన వేళ 14416కు ఫోన్ చేయమనీ చెప్పారు. రేణుక ఆ నంబరును అతని ఫోన్లో 'అక్క రెండు' అని దాచింది. అక్క ఒకటి ఎవరో చెప్పనక్కర్లేదు.

ఇక ఊరి సంగతి వినండి. మర్నాటి నుంచి హిమాయత్‌నగర్‌లో ఆడవాళ్లందరూ ఒక్కసారిగా వంట మరిచిపోయారు. అల్లం ముందా, వెల్లుల్లి ముందా అని ఒకావిడ వస్తుంది. పచ్చిపులుసులో చింతపండు ఎంత అని ఇంకొకావిడ వస్తుంది, ఆమె పచ్చిపులుసు పెట్టుకుంటూనే పెరిగింది. మగవాళ్లు మోకాళ్ల నొప్పికి ఏ నూనె రాస్తున్నావని వచ్చి గంటలు గంటలు కూర్చుంటారు. రమణి అయితే, "పాయసం విరిగిపోతోందండీ, ఒక్కసారి చూసి చెప్పరూ," అని గిన్నెతో సహా వచ్చింది. ఎవరు ఏ పూట పోవాలో శకుంతలమ్మ ముందురోజే ఇంటికి పోయి బొట్టు పెట్టి చెబుతుంది. బొట్టు పెట్టించుకున్నాక ఎగ్గొట్టడం కుదరదు కదా.

"జర నన్ను పండనియ్యున్రి!" అని జగదీశ్ ఒకరోజు గట్టిగా కేకేశాడు. ఆ కేకకు వాడ వాడంతా సంబరపడింది. మనిషికి కోపం వచ్చింది, అంటే తిరిగొస్తున్నాడు.

అన్నీ మంచి రోజులే కాలేదు. గోడవైపు తిరిగి పడుకున్న రోజులున్నాయి. మందు మార్చాల్సి వచ్చింది. ఒక మధ్యాహ్నం అతనే 'అక్క రెండు'కు ఫోన్ చేసుకుని, ఆ తర్వాత అక్క ఒకటికి చేశాడు. ఆమె చేను మధ్యలో నుంచి మట్టికాళ్లతో వచ్చింది. వానాకాలం పోయేసరికి వాసనలు తిరిగొచ్చాయి. మొదట తెలిసింది అంతమ్మ ఇంట్లో మాడుతున్న పోపు. వీధి దాటి పోయి పొయ్యి ఆపి వచ్చాడు. ఇప్పుడు ఊళ్లో చిన్న చిన్న దావత్‌లకు వండుతున్నాడు. ఫంక్షన్ హాళ్ల వైపు చూడడు, అక్కడి గరం మసాలా పేరెత్తితే తిడతాడు. ఆ తిట్లు వినడానికే కొందరు పేరెత్తుతారు. బర్రె మాత్రం ఈనలేదు. పశువుల డాక్టరు చూసి అది కడుపు కాదు, ఒట్టి తిండి అన్నాడు.

కథ షేర్ ఆటోలెక్కి ఊళ్లు తిరిగింది. చేవెళ్ల చేరేసరికి శకుంతలమ్మ యముడితో వాదించింది. చందనవెల్లి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి చేరేసరికి యముడికి చాయ్ పోసింది. గండిపేట కాలేజీ పిల్లలు చెప్పేసరికి పాశం లాక్కుని దాంతో బర్రెను కట్టేసింది. మొన్న రేణుక ఆటోలో ఇద్దరు పిల్లలు ఆ ముచ్చటే చెప్పుకుని మురిసిపోతుంటే, మూలన కూర్చున్న ఆడమనిషి కొంగుతో నోరు తుడుచుకుని ఇట్లా అంది:

"యముడు లేడు, గిముడు లేడు. ఆటో రేణుక తోలింది, మందులు డాక్టరు రాసిండు, మింగుతున్నది జగదీశ్. నేను అడిగిన, పక్కన కూసున్న."